దేవుణ్ణి పూర్తిగా చూపించని మహేశ్వరం

యానాంలో ఉమామహేశ్వరానికి ఉన్న జబ్బు ఒక్కటే. దేవుణ్ణి పూర్తిగా చూపించడు.

ఏ దేవుణ్ణయినా అంతే, అందులో పక్షపాతం లేదు. వెంకన్నగారి కల్యాణమైతే తాళిబొట్టు పైకెత్తేదాకా చూపిస్తాడు, కట్టనివ్వడు. మేరీమాత ఊరేగింపైతే రథాన్ని వీధి మలుపు దాకా తెస్తాడు, తిరగనివ్వడు. చూసేవాళ్లు ముందుకు వంగి, నోళ్లు తెరిచి, రెప్ప వేయడం మరిచిపోయారని ఎలా పసిగట్టేవాడోగాని, సరిగ్గా ఆ క్షణానికి టక్కున మీట తిప్పేసేవాడు. తెర మీద ఇంకో మతం ప్రత్యక్షమయ్యేది. వీధి వీధంతా ఒక్కసారిగా "హవ్వ!" అనేది. మర్నాడు బజార్లో పట్టుకుని నిలదీస్తే ఒకటే సమాధానం.

"చెయ్యి ఊరుకోలేదండి."

ఆ చేతి కథ చెప్పాలంటే కాస్త వెనక్కి, ఇంకాస్త పైకి, అంటే వెంకటరాజుగారి డాబా మీదికి వెళ్లాలి.

ఊళ్లోకి టీవీలు కొత్తగా దిగుతున్న రోజులవి. టీవీ కొనడం ఒక ఎత్తు, దానిలోకి బొమ్మ తేవడం ఒక ఎత్తు. బొమ్మ తేవడం మహేశ్వరం పని. అంతకుముందు రేడియోలు బాగుచేసేవాడు. "మీరేవిట్లు బాబూ?" అని కులం ఆరా తీసినవాళ్లకి "యాంటెన్నాలమండి" అని చెప్పి మెట్లెక్కేసేవాడు. ఏ డాబా మీద చూసినా అతనే, ఇనప గొట్టాన్ని కౌగిలించుకుని, ఎండలో.

బియ్యం వ్యాపారి వెంకటరాజుగారింట్లో టీవీ పెట్టిన ఆదివారం సాయంత్రం కూడా అంతే. పైన మహేశ్వరం. కింద హాల్లో రాజుగారి భార్య సత్యవతమ్మగారు.

"వచ్చిందా అండీ?"

"రాలేదు!"

"ఇప్పుడండీ?"

"వచ్చింది... వచ్చింది... పోయింది! నువ్వు కదలకయ్యా!"

"కదిల్తేనే కదండీ వచ్చేది!"

"అయితే కదులు! ఆఁ, అక్కడే! మనిషి కనబడుతున్నాడు! ఇంక దాన్ని ముట్టుకోకు!"

కాలిన అరికాళ్లతో మహేశ్వరం మెట్లు దిగి వచ్చేసరికి వీధి తలుపు మూసి ఉంది. "ఎండపొడ పడి బొమ్మ కనబడ్డంలేదు, తలుపెయ్యండి" అన్న సత్యవతమ్మగారి గొంతు లోపల్నించి వినిపించింది. కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఆ ఇంట్లో అంట్లు తోమే ఫిలోమినా అప్పటికే అక్కడ మునివేళ్ల మీద నిలబడి ఉంది.

"ఏం కనపడతంది, అప్పా?"

"రాజుగోరి బట్టతల కనపడతందయ్యా. దానెనకాల ఏదో మెరుత్తంది."

ఆ మెరిసేది ఏమిటో తేలకముందే కిటికీ రెక్కలు కూడా మూసుకున్నాయి. మహేశ్వరం చెప్పులు వేసుకుని ఇంకో డాబాకి వెళ్లిపోయాడు. ఊరికంతటికీ బొమ్మ తెచ్చిన మనిషి ఏ ఇంట్లోనూ బొమ్మ చూడలేదు. "కూర్చో" అన్నవాళ్లు లేరు, "కూర్చుంటాను" అని అతనూ అడగలేదు. అన్యాయం జరుగుతోందని చేసేవాళ్లకీ, పడేవాళ్లకీ, చూసేవాళ్లకీ కూడా తోచకుండా జరిగిపోయే అన్యాయాలుంటాయి. ఇది ఆ జాతిది. ఈ ఆదివారం సంగతి సత్యవతమ్మగారికి గుర్తు కూడా లేదు.

తరవాత మహేశ్వరం పెళ్లిళ్లకి వీడియోలు తీశాడు. ఎనభై ఏడులో సైకిలు షాపు పైగదిలో రెండు వీసీఆర్లు పక్కపక్కన పెట్టి, వాటి మధ్య సొంతంగా తయారుచేసిన ఒక మీట బిగించి, "సర్వమత వీడియో" అని బోర్డు రాయించాడు. మీట ఇటు తిప్పితే ఒక క్యాసెట్టు, అటు తిప్పితే ఇంకో క్యాసెట్టు. అక్కణ్ణించి వైరు బయల్దేరి, రాజుగారి డాబా ఎక్కి, కొబ్బరిచెట్లు పట్టుకుని ఫరంపేట దాకా పోయింది. ఊరి పండగలన్నీ ఊరికే చూపిస్తానన్నాడు. ఊరు మురిసిపోయింది. పాపం, మీట సంగతి ఇంకా తెలీదు.

మొదటి కార్యక్రమం వెంకన్నగారి కల్యాణం. ఆ ఏడు ఉత్సవాల కమిటీకి పెద్ద వెంకటరాజుగారే. తాళి కట్టగానే తలంబ్రాల పళ్లెం ఎత్తింది ఆయనే. ఆ పళ్లెం తెర మీద చూడ్డానికి బంధువులంతా దిగారు. సత్యవతమ్మగారు టీవీకి పసుపు రాసి, బొట్టు పెట్టి, చామంతుల దండ వేశారు. దండ కిందికి జారి దేవుడి కాళ్లు కనబడకపోతే మళ్లీ పైకి కట్టారు. పురోహితుడు తాళి పైకెత్తి నలుదిక్కులా చూపించాడు. బాజాలు ఉధృతమయ్యాయి. హాలంతా చేతులు జోడించింది.

టక్.

తెర మీద తెల్ల గౌన్లలో బ్యాండు మేళం. పూల రథం మీద మేరీమాత. తలంబ్రాల పళ్లెం రావలసిన చోట ఎదురింటి లూయిస్‌గారు, పట్టుగొడుగు పట్టుకుని.

"హవ్వ!" అన్నారు సత్యవతమ్మగారు. జోడించిన చేతులు విడదీయాలో, అలాగే ఉంచాలో ఆవిడకి అర్థంకాలేదు. బంధువుల్లో ఒకావిడ కళ్లు మూసుకుని ఉండడంతో ఇంకా గోవింద కొడుతూనే ఉంది.

వెనకవేపు నుంచి ఏదో దభేల్మంది. పడేసింది పప్పు గిన్నె. పడేసినావిడ బూడిద చేతులతో హాలు గుమ్మంలో నిలబడింది.

"అమ్మగోరండీ! మా మాతండీ! సూడండి, మా మాతే!"

సత్యవతమ్మగారు గబగబా లేచి టీవీ కట్టేయబోయారు.

"కట్టకు, కట్టకు!" అని కేకేశారు రాజుగారు. "ఈలోగా మళ్లీ మనది వస్తే? నా పళ్లెం ఇంకా రాలేదు!"

దాంతో మాత ఊరేగింపు రాజుగారి హాల్లోంచే సాగింది. రథం మలుపు దగ్గరికొచ్చింది. టక్. తాళి కట్టడం అయిపోయి, దేవుడూ అమ్మవారూ సర్దుక్కూర్చుని ఉన్నారు. పళ్లెం కూడా అయిపోయింది. రాజుగారు ఆ పూట అన్నం తినలేదు.

"ఎల్తానండి, అంట్లున్నాయండి" అని ఫిలోమినా లేవబోయింది.

"మళ్లీ మీదొస్తే ఆ తడికాళ్లతో పరిగెత్తుకొచ్చి జారిపడతావేమో. అక్కడే కూలబడు" అన్నారు సత్యవతమ్మగారు. అని, తన నోట్లోంచి ఆ మాట వచ్చినందుకు నిర్ఘాంతపోయారు.

ఆ తరవాత మహేశ్వరం చెయ్యి మరింత రెచ్చిపోయింది. హరిదాసుగారు గజ్జెలు ఘల్లుమనిపించి "అదిగో హనుమ లంఘించెను!" అని గాల్లోకి ఎగిరారు. టక్. మసీదు వీధి గంధం ఊరేగింపు. ఎగిరిన హనుమంతుడు లంకలో దిగకుండా దర్జీ మస్తాన్ ముందు దిగినట్టయింది. చొక్కా కొలతలివ్వడానికి వచ్చినవాళ్లంతా చాలాకాలం "ఏం మస్తాన్‌గారూ, అశోకవనం ఎటు?" అని అడిగేవాళ్లు. ఆయన ఖంగు తిన్నాడుగాని, కొలతలు మాత్రం తప్పు తీయలేదు.

ఇంకోసారి ఫాదర్‌గారు జనాన్ని దీవించడానికి చెయ్యెత్తారు. టక్. అమ్మవారి జాతరలో గరగ కుండ నెత్తిన పెట్టుకుని చిందేస్తున్న బుల్లబ్బాయి. లూయిస్‌గారింట్లో మొక్కలకి నీళ్లు పోసేవాడు ఈ బుల్లబ్బాయే. లూయిస్‌గారు ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను పుచ్చుకుంటున్న మనిషి. ఎంత ఆశ్చర్యమైనా, ఎంత కోపమైనా 'దేవుడా' అనే ఒక్క ఫ్రెంచి మాటలో సర్దేస్తారు.

"మోన్ ద్యూ!"

కిటికీ అవతల బుల్లబ్బాయి గెంతులేస్తున్నాడు. "దొరగారండీ, అది నేనండి! మీ ఫాదర్‌గారు నన్నే దీవించేరండి!"

"అక్కడ గెంతితే నాకేమీ కనబడదు! లోపలికొచ్చి కూర్చుని గెంతు!"

కడుపుమండి సత్యవతమ్మగారు ఓసారి మహేశ్వరాన్ని గుమ్మం ముందే ఆపారు. "ఏమయ్యా, దేవుళ్లని అలా కలిపేస్తే కళ్లు పోవూ?"

"కలిపింది నేను కాదండి. పక్కపక్క వీధుల్లోనే ఉన్నారు కదండీ."

"ఒక్కటైనా చివరికంటా చూపించి చావరాదూ?"

"అనుకుంటానండి. చెయ్యి ఊరుకోదండి."

ఎప్పుడు ఏ దేవుడొస్తాడో తెలీదు కనక టీవీ కట్టేయడానికి లేదు, ఎవర్నీ పొమ్మనడానికీ లేదు. ఫిలోమినా గుమ్మంలోంచి గోడ వారకి, గోడ వారనుంచి చాప అంచుకి, చాప అంచునుంచి సత్యవతమ్మగారి విసనకర్ర గాలి తగిలేటంత దగ్గరికి వచ్చేసింది. ఎవరు జరిపారో ఎవరూ చూడలేదు.

"ఏమే, మీ మాత ఎప్పుడూ ఆ నీలమే కడుతుందేం? వేరే చీర లేదా?"

"మీ అమ్మోరికి పూటకో పట్టుచీర మారుత్తారు కదండి. ఉతికేదెవరండి?"

సత్యవతమ్మగారు పగలబడి నవ్వారు. రాజుగారు ఉలిక్కిపడ్డారు. పెళ్లయిన ఇన్నేళ్లకి భార్య నవ్వు ఇంత పెద్దదని అప్పుడే తెలిసిందాయనకి.

ఇలా ఎంతకాలం సాగుతుంది? పెద్దమనుషులు కూర్చున్నారు. రాజుగారు, లూయిస్‌గారు, మసీదు పెద్ద, ముగ్గురూ రాజుగారి హాల్లో ఒకే సోఫా మీద. మతసామరస్యమంటే ఏమిటో యానాం ఆ రోజు చూసింది. ఒక్క మనిషిని తిట్టడానికి మూడు మతాలూ ఏకమయ్యాయి. తిట్లు తినే మనిషి గుమ్మం అవతల నిలబడ్డాడు.

"ఇకమీదట శనివారం మాది" అన్నారు రాజుగారు. "ఆదివారం వీళ్లది. శుక్రవారం వాళ్లది. మొదలుపెట్టింది చివరిదాకా నడవాలి. ఎవరి రోజున వాళ్లు చూసుకుంటారు, ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారు. కాదన్నావో, నీ వైరు నా డాబా మీంచే కదా పోతోంది? నా దగ్గర కత్తెరుంది."

మహేశ్వరం నేలచూపులు చూశాడు. వైరు తెగితే ఫరంపేట దాకా చీకటే.

"అలాగేనండి."

"మరి నీ చెయ్యో?"

"జేబులో పెట్టుకుంటానండి."

వంటింటి తలుపు చాటున సత్యవతమ్మగారు హమ్మయ్య అనుకున్నారు. పీడ విరగడైంది.

శనివారం వచ్చింది. కల్యాణం మొదట్నించి వచ్చింది. తాళి కట్టారు. తలంబ్రాల పళ్లెం ఎత్తారు. రాజుగారు తెర నిండా ఉన్నారు, తనివితీరా ఉన్నారు, ఇంక చాలు అనుకున్నాక కూడా ఉన్నారు. చందాలిచ్చినవాళ్ల పేర్లు చదవడం మొదలయ్యేసరికి బంధువులు గోడకి చేరబడి గురకలు పెట్టారు. తన మొహం చూసుకుంటూ చూసుకుంటూ రాజుగారే నిద్రపోయారు.

"చూశావుటే, మీ రాజుగారు..." అంటూ సత్యవతమ్మగారు చాప వేపు తిరిగారు. చాప ఖాళీ.

పెరట్లోకి వెళ్లి చూస్తే ఫిలోమినా అంట్లు తోముతోంది.

"రాలేదేమే?"

"ఈయేళ మాది కాదు కదండీ. ఇదివరకంటే ఎప్పుడొత్తదో తెలీక కూకునేదాన్నండి. ఇప్పుడు తెల్సుగదండీ." ఆమె గిన్నె పక్కన పెట్టి మొహమంతా నవ్వింది. "రేపు మాత్రం సూడాలండి. మా మనవరాలు సుగుణ దేవదూతేసం కట్టింది, రథం ముందు నడిసింది, ఇన్నాళ్లూ ఆ ముక్క పడలేదండి. రెక్కలు నేనే కట్టానండి, బాతీకలు ఏరుకొచ్చి. ఆ రోజు ఇక్కడ పనుండిపోయి నేనెల్లలేదు కదండీ. లూయిస్‌గారింట్లో సూత్తాను."

ఆ రోజు పనుండిపోయింది ఎవరింట్లోనో సత్యవతమ్మగారికి గుర్తుంది. రాజుగారి కమిటీవాళ్లకి విందు.

ఆదివారం సాయంత్రం ఆవిడ ఎండబెట్టిన వడియాలు తీయడానికి డాబా ఎక్కారు. యాంటెన్నా గొట్టం పక్కనుంచి చూస్తే ఎదురుగా లూయిస్‌గారిల్లు. లోపల్నించి బ్యాండు మేళం వినిపిస్తోంది. వీధి తలుపు మూసి ఉంది. కిటికీ దగ్గర ఫిలోమినా, మునివేళ్ల మీద.

సత్యవతమ్మగారు తన కళ్లని తాను నమ్మలేదు. వాళ్ల మతం, వాళ్ల దేవుడు, వాళ్ల రోజు. అయినా కిటికీయేనా?

అప్పుడు లోపల్నించి లూయిస్‌గారి గొంతు వినిపించింది. "వెలుతురు పడుతోంది. ఆ రెక్కలు వెయ్యండి."

కిటికీ మూసుకుంది.

సత్యవతమ్మగారి చేతిలోంచి వడియాల పళ్లెం జారింది. ఈ మాట ఎక్కడో విన్నారు. ఎక్కడో ఏమిటి, తన నోటే విన్నారు. ఆవిడ పక్కనున్న ఇనప గొట్టాన్ని పట్టుకున్నారు. చురుక్కుమని కాలింది. ఈ గొట్టం పట్టుకునే ఓ మనిషి "వచ్చిందా అండీ" అని అరిచాడు. "వచ్చింది" అని చెప్పిందీ తనే. తలుపు వేయించిందీ తనే.

ఆ తరవాత జరిగింది చూసి బజారు నోరు వెళ్లబెట్టింది. పండక్కి గుడికి తప్ప గుమ్మం దాటని రాజుగారి భార్య వీధిలోకి వచ్చి, సైకిలు షాపు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, సర్వమత వీడియో గదిలో మహేశ్వరం ముందు రొప్పుతూ నిలబడింది. మహేశ్వరం స్టూలు మీద, నిజంగానే కుడిచెయ్యి జేబులో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. రెండో వీసీఆర్లో నిన్నటి కల్యాణం క్యాసెట్టు అలవాటుకొద్దీ తిరుగుతోంది.

"నిజం చెప్పు. చెయ్యి ఊరుకోకేనా నువ్విన్నాళ్లూ కోసింది?"

మహేశ్వరం జేబులోంచి చెయ్యి తీశాడు. "ఏ దేవుడు ఎప్పుడొస్తాడో తెలియకపోతే తలుపులు తెరిచుంచుతారని అనుకున్నానండి. మీ అందరి డాబాలూ ఎక్కానుగాని, పైనుంచి ఎవరి హాలూ కనపడదు కదండీ, తెరిచారో లేదో."

ఆవిడింటి తలుపు ఊసు అతను ఎత్తలేదు. అందుకే అది ఆవిడకి గట్టిగా తగిలింది.

"దేవదూతలు వచ్చేశారా?"

"ఇంకా లేదండి. ఫాదర్‌గారు మాట్లాడుతున్నారండి."

"అయితే లే. పద."

"నేనొచ్చేస్తే ఇక్కడ..."

"క్యాసెట్టు తిరుగుతోందిగా. పద అన్నానా!"

దారిలో లూయిస్‌గారి కిటికీ దగ్గర ఫిలోమినా చెయ్యి పట్టుకున్నారు. ముగ్గురూ హాల్లోకి వచ్చేసరికి రాజుగారు పడక్కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు.

"ఇదేమిటే! ఈవేళ వాళ్ల రోజు కదా!"

"టీవీ మనదే కదండీ" అని సత్యవతమ్మగారు స్విచ్చి వేశారు. వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. ఎండపొడ పడి బొమ్మ కాస్త వెలిసినట్టు కనబడింది. చచ్చిపోలేదెవరూ.

"కూర్చోవయ్యా."

మహేశ్వరం చాప కోసం చూశాడు.

"అక్కడ కాదు." ఆవిడ సోఫా చూపించారు, మూడు మతాలూ కూర్చుని తిట్టిన సోఫా. అతను దాని అంచున, ముల్లు మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

తెర మీద బాతు ఈకల రెక్కలతో సుగుణ వచ్చింది. ఒక రెక్క ఊడి వేలాడుతోంది. ఆ పిల్ల దాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కొవ్వొత్తి పట్టుకుని, బ్యాండుకి తగ్గట్టు హుందాగా అడుగేస్తోంది.

"ఓలమ్మో, దారం సరిగ్గా ముడెయ్యలేదు నేను!" అని ఫిలోమినా నెత్తి కొట్టుకుంది, నవ్వింది, మళ్లీ నెత్తి కొట్టుకుంది. "అమ్మగోరండీ, అదేనండీ!"

"చూస్తున్నానే. నీకంటే నయం, ఊడినా వదల్లేదు."

ఆ సందట్లో ఆవిడ మహేశ్వరం చెవిలో అడిగారు. "మీట ఎటు తిప్పాలి?"

"గుడికైతే ఎడమకండి" అన్నాడతను తెర మీంచి చూపు తిప్పకుండా. అడిగిందెందుకో కూడా పట్టించుకోలేదు. ఎప్పుడూ మీట దగ్గరుండే మనిషి, జీవితంలో మొదటిసారి సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. సుగుణ దాటింది. రథం వచ్చింది. మలుపు దగ్గరికొచ్చింది. మహేశ్వరం ముందుకు వంగాడు. నోరు తెరిచాడు. రెప్ప వేయడం మరిచిపోయాడు.

టక్.

తలంబ్రాల పళ్లెంతో వెంకటరాజుగారు.

"అయ్యయ్యో!" అని మహేశ్వరం ఎగిరి నిలబడ్డాడు. "ఎవరండీ ఆ కోసింది! మనుషులా, ఏమన్నానా! సరిగ్గా తిరిగేటప్పుడా!"

ఎదురింట్లోంచి "మోన్ ద్యూ!" అని వీధి దద్దరిల్లింది. లూయిస్‌గారు తలుపు భళ్లున తెరుచుకుని బయటికి ఉరికారు. తెరిచిన తలుపులోంచి బుల్లబ్బాయి నీళ్లడబ్బాతో సహా లోపలికి దూరాడు. "ఇప్పుడు మావేనండీ?"

రాజుగారు కత్తెర తెచ్చుకుని డాబా మెట్ల దాకా వెళ్లి ఆగారు. "ఒరేయ్ మహేశ్వరం, ఇప్పుడు నేను ఆ లూయిస్‌గారింట్లో కూడా కనబడుతున్నానంటావా?"

"మీరేనండి. మస్తాన్‌గారింట్లో, ఫరంపేటలో, అందరిళ్లలోనూ మీరేనండి."

రాజుగారు కత్తెర మీసం దగ్గరికి తీసుకెళ్లి, రెండు వెంట్రుకలు సవరించి, దాచేశారు.

సైకిలు షాపు వేపు నుంచి సత్యవతమ్మగారు తాపీగా నడిచి వస్తున్నారు. వీధి మధ్య లూయిస్‌గారు అడ్డం నిలబడి, ఎవరు చేశారీ పని అన్నట్టు చేతులు చాపారు. ఆవిడ కొంగు సర్దుకున్నారు.

"చెయ్యి ఊరుకోలేదండి."

ఇది చదివి ఊరికే నవ్వేసి పేజీ తిప్పకండి. ఇప్పుడు అందరిళ్లలోనూ టీవీలున్నాయి, కిటికీల దగ్గర ఎవరూ నిలబడరు. కాని మీ ఇంటికి ఫ్యాను బిగించడానికి ఒక మనిషి వస్తాడు. బిగించి, తిరుగుతోందో లేదో చూసి, చెమట తుడుచుకుంటూ వెళ్లిపోతాడు. ఈసారి అతన్ని ఆ ఫ్యాను కింద కూర్చోమనండి. సోఫా మోసుకొచ్చినవాళ్లని ఆ సోఫాలోనే కూర్చోబెట్టండి. మొహమాటపడతారు, అంచున కూర్చుంటారు. మీరు ఇంకోసారి చెప్పండి. వీధి తలుపు మాత్రం వేయకండి. కాస్త ఎండపొడ పడితే పడనివ్వండి.